జాగ్రత్తల కాగితం

ఫిబ్రవరి 9

చెల్లాయీ,

ముందు నవ్వనని ఒట్టు వేసుకుని, ఆ తరవాత చదువు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో మూడో నిమిషానికల్లా మనిద్దరం పోట్లాడుకుంటాం. పైగా ఈ సంగతి నోటితో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. అందుకే కాగితం.

మా ఎదురింటి లెక్చరరు గారు రెండు నెలలకని కూతురి దగ్గరికి వెళ్తూ కారు తాళాలు నా చేతిలో పెట్టారు. "వారానికోసారి స్టార్ట్ చేసి నాలుగడుగులు కదిలించండి మాస్టారూ. మీ చేతుల్లో ఉంటే నాకు బెంగ లేదు" అన్నారు. ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి డ్రైవింగ్ నేర్పుతున్న చేతులాయె. మొన్న ఆదివారం ఆ చేతులతోనే, రివర్సులో, వాళ్ళ గేటు స్తంభానికి కొట్టాను. అద్దం చూడు, అద్దం చూడు అని రోజుకి యాభైసార్లు అరిచే మనిషిని, అద్దం చూడలేదు. వెనక బంపర్ కుడి మూల అరచేయంత మేర రంగు లేచిపోయి నల్ల ప్లాస్టిక్ బయటపడింది.

షెడ్డుకి తీసుకెళ్ళచ్చు. కానీ ఈ చుట్టుపక్కల ఏ షెడ్డులో అడుగుపెట్టినా నా దగ్గర స్టీరింగ్ పట్టడం నేర్చుకున్నవాడు ఒకడైనా ఉంటాడు. "ఏం సార్, రివర్సా?" అంటాడు. ఆ ఒక్క మాట చాలు, నేను స్కూలు బోర్డు పీకేసుకోవడానికి.

ఇంట్లోనే డబ్బాతో స్ప్రే కొట్టుకోవచ్చని ఎవరో అనగా విన్నాను. అలాంటిది నువ్వేమైనా పంపగలవా? తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న నంబర్లన్నీ కింద రాశాను. వాటిలో రంగు నంబరేదో నాకు తెలీదు, నీకు తెలుస్తుంది. ఆయన మార్చి మధ్యలో వస్తారు. ఈలోపు ఏమీ జరగనట్టు ఉండాలి.

మీ వదిన నిన్ను అడిగానని చెప్పమంది. బళ్ళో తన ఐదో తరగతి పిల్లల పరీక్షల హడావిడిలో ఉంది.

అద్దం చూసుకోని నీ
అన్నయ్య


ఫిబ్రవరి 17

అన్నయ్యా,

ఒట్టు వేసుకున్నాను, తప్పాను. రంగు గదిలో నేను ఒక్కదాన్నే నవ్వుతుంటే మేస్త్రి తలుపు కొట్టి, "ఏమ్మా, రంగు వాసన తలకెక్కిందా?" అన్నాడు.

నవ్వాక మళ్ళీ చదివాను. పదిహేనేళ్ళలో నా పని గురించి నువ్వు అడిగిన మొదటి ప్రశ్న ఇది. కాబట్టి వివరంగా రాస్తున్నాను, విసుక్కోకు.

మూడు డబ్బాలు పంపుతున్నాను. బంపర్‌ని సబ్బునీళ్ళతో కడిగి, నేను పెట్టే గరుకు కాగితాన్ని నీళ్ళలో తడిపి నున్నగా రుద్దు. వేలితో తడిమితే అంచు తెలియకూడదు. ఆరాక చిన్న డబ్బా, అది ప్రైమర్, ప్లాస్టిక్‌ని రంగు పట్టుకునేలా చేస్తుంది. దాని మీద రెండో డబ్బా, అసలు రంగు. నీ నంబరుకి నేనే కలిపి నింపాను. చివరది మూడో డబ్బా, మెరుపు పూత.

దీని గురించి చెప్పాలి. మామూలు డబ్బా పూత గాలికి ఆరుతుంది, అంతే. దాని మీద పెట్రోలు చుక్క పడితే లేచి వస్తుంది. ఈ మూడోది గడ్డకడుతుంది, కంపెనీ రంగులా నిలుస్తుంది. ఎందుకంటే ఇందులో రెండు మందులున్నాయి. గట్టిపరిచే మందు డబ్బా లోపల చిన్న అరలో విడిగా ఉంటుంది. మూత మీద ఎర్ర బొత్తాం కనిపిస్తుంది. దాన్ని ఊడదీసి, డబ్బాని తలకిందులు చేసి, అడుగునున్న సన్నటి పుల్లకి తగిలించి అరచేత్తో గట్టిగా నొక్కు. లోపల టక్కుమంటుంది. అప్పుడు రెండు నిమిషాలు ఊపు. గడియారం చూసి ఊపు, నీ అంచనాతో కాదు. ఒకసారి నొక్కాక మర్నాటికల్లా వాడెయ్యాలి, లేకపోతే డబ్బాలోనే రాయైపోతుంది. జానెడు దూరం నుంచి కొట్టు, చెయ్యి ఎక్కడా ఆపకు. మొదటి పూత పల్చగా, పది నిమిషాలాగి రెండోది తడితడిగా.

దీనికి జాగ్రత్తలు చాలా ఉన్నాయి. వాటినీ ఇందులో కలిపేస్తే నువ్వు పైపైన చూసి దాటేస్తావు. అందుకే విడి కాగితం మీద రాసి పార్సిల్‌లో పెడతాను.

ఈ మూడో రకం డబ్బా పని నేర్వనివాళ్ళకి ఇవ్వడం మా షెడ్డులో లేదు. ఓనరు "ఎవరికమ్మా?" అని రెండుసార్లు అడిగాడు. "మా అన్నయ్యకండీ. డ్రైవింగ్ మాస్టారు, చాలా జాగ్రత్త మనిషి. నాది పూచీ" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు గేటు స్తంభం గుర్తొచ్చి పెదవి కొరుక్కున్నాను.

వదినకి నా ముద్దులు. నీకు లేవు.

చెల్లాయి


మార్చి 8

చెల్లాయీ,

ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. మీ వదినకి ఊపిరాడకపోతే నిన్న చేర్పించాం. గండం గడిచింది, కంగారుపడకు.

శనివారం మధ్యాహ్నం వెనక సామాన్ల గదిలో బంపర్ పని చేశాను. ఆ సాయంత్రమే తనకి దగ్గు మొదలైంది. పాత పేపర్ల దుమ్మేమో అనుకున్నాం. ఆదివారానికల్లా నాలుగు మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. ఆటో ఎక్కించేటప్పుడు నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇంకా మణికట్టు మీద ఉన్నట్టే ఉంది.

డాక్టరమ్మ డబ్బా తెమ్మంది. దాని మీద రాసింది చదివి, ఆ గట్టిపరిచే మందు ఊపిరితిత్తులకి పడలేదంది. "మాస్క్ ఏది వాడారు? గదిలో ఎవరెవరున్నారు?" అని అడిగింది. ఏం చెప్పమంటావు? మీ వదిన వాళ్ళన్నయ్య పక్కనే నిలబడ్డాడు. "ఎవరు పంపారు బావగారూ ఇది?" అన్నాడు. నువ్వే పంపావని చెప్పక తప్పలేదు. నువ్వు రాస్తానన్న జాగ్రత్తల కాగితం నాకు అందలేదు. పార్సిల్‌లో మూడు డబ్బాలు, గరుకు కాగితం, అంతే. మాస్కూ లేదు, మాటా లేదు. ఇంత ప్రమాదమైన వస్తువని ఒక్క ముక్క రాసి ఉండాల్సింది చెల్లాయీ.

నిన్ను అనేదేం లేదు. పనుల్లో పడి మరిచిపోయి ఉంటావు.

లోపలికి పిలుస్తున్నారు.

అన్నయ్య


మార్చి 13

అన్నయ్యా,

వదిన ఎలా ఉంది? మొదట అదొక్కటి రాయి. మిగతాదంతా తరవాత చదువు.

నీ ఉత్తరం కంటే ముందు వదిన వాళ్ళన్నయ్య ఫోన్ వచ్చింది, షెడ్డుకి. "ఆఫీసులో అకౌంట్లు చూసే మేడమ్‌ని పిలవండి" అన్నారట. మా ఆఫీసులో మేడమే లేదు. ఓనరు నా ఊరూ ఇంటిపేరూ విని, "ఆవిడ ఆఫీసు కాదండీ, పెయింటరు" అన్నాడట. ఆ తరవాత ఆయన అన్నదంతా ఓనరు నాకు చెప్పలేదు. చెప్పకపోయినా మొహం చూస్తే తెలిసింది.

"కాగితం పెట్టావా లేదా?" అని అడిగాడు ఓనరు. పెట్టానండీ అనబోయాను. నా చేతులకైతే గుర్తుంది. కొత్త మాస్క్, సీలు కూడా తియ్యనిది, అడుగున పెట్టాను. కాగితం మడిచి దాని పట్టీల మధ్య దూర్చాను. కానీ అది భోజనాల వేళ. సర్దుతుండగా మేస్త్రి పిలిస్తే లేచి వెళ్ళాను. వచ్చాక పెట్టానా? పెట్టేశాననుకుని టేపు వేసేశానా? ఇప్పుడు ఎంత తలుచుకుంటే అంత చెదిరిపోతోంది. నీకు అందలేదంటే నేను పెట్టలేదనేగా. నీ మాట కంటే నా జ్ఞాపకం గట్టిదా?

"ఏమో, మరిచిపోయానేమోనండీ" అన్నాను. ఆ రోజు నుంచి నన్ను రంగు గదిలోంచి తీసేశారు. పాత రంగు రుద్ది తీసే పనిలో వేశారు. అందులో అన్యాయమేం లేదు. ఊపిరి తీసే వస్తువుని మాట చెప్పకుండా పంపినదాన్ని ఆ గదిలో ఉంచుకోకూడదు.

ఒక్కసారి ఆ అట్టపెట్టె అడుగున చూడవూ? మడత కింద ఎక్కడైనా ఇరుక్కుందేమో. ఉంటే ఉందని రాయి. లేకపోతే లేదనే రాయి, పర్లేదు.

ఇంకోటి. ఆఫీసులో అకౌంట్లు అని వాళ్ళతో ఎవరన్నారు?

వదిన కాళ్ళ మీద పడ్డానని చెప్పు.

చెల్లాయి


మార్చి 22

చెల్లాయీ,

మీ వదినని ఇంటికి తెచ్చాం. పీల్చే మందు ఇచ్చారు, పూటకి రెండుసార్లు. నెమ్మదిగా నడుస్తోంది. స్కూలుకి ఈ ఏడు సెలవే. ఆ మందు ఒకసారి పడనివాళ్ళకి ఇక జన్మలో పడదట. పక్కవీధిలో ఎవరో కారుకి పూత వేయించుకుంటే మొన్న మళ్ళీ ఆయాసపడింది. కిటికీలు మూసుకున్నాం.

అట్టపెట్టె చెత్తలో పోయింది. వెతకడానికి లేదు.

ఆఫీసు మాట మా పెళ్ళినాటిది. పెద్ద కంపెనీలో పనిచేస్తుందని నేనంటే, ఏ పని అని వాళ్ళడిగారు. ఏదో నోటికొచ్చింది అన్నాను. తరవాత దిద్దడానికి సందర్భం రాలేదు. దాన్ని పట్టించుకోకు.

మీ వదిన ఒకటే మాట చెప్పమంది: "నీ తప్పు రవ్వంత కూడా లేదని రాయండి" అని. అదే రాస్తున్నాను. అయిందేదో అయింది. నువ్విప్పుడు రావద్దు. నిన్ను చూస్తే తను ఉద్వేగపడుతుంది, ఊపిరికి మంచిది కాదు.

లెక్చరరు గారు వచ్చారు. బంపర్ ఆయన గమనించలేదు.

అన్నయ్య


ఏప్రిల్ 6

అన్నయ్యా, వదినా,

ఇది మీ ఇద్దరికీ రాస్తున్నాను.

వదినా, నా తప్పు రవ్వంత కూడా లేదన్నావట. ఆ మాట చదివి బస్సులో ఏడ్చాను. నువ్వు తిట్టి ఉంటే నిలబడేదాన్ని. ఊపిరి అందని మనిషివి, నన్ను ఓదార్చడానికి ఓపిక చేసుకున్నావు. అంత మంచితనాన్ని నేనెక్కడ పెట్టుకోను?

ఈ మధ్య నాకు నా మీద నమ్మకం పోయింది. గ్యాస్ కట్టేశానా అని సందు చివరి నుంచి వెనక్కి వస్తాను. తాళం లాగి చూస్తాను, మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి లాగి చూస్తాను. మొన్న ఓనరు కోపం తగ్గి, కొత్తగా చేరిన ఇద్దరికి పని నేర్పమన్నాడు. నా వల్ల కాదన్నాను. మాస్క్ గురించి వాళ్ళకి చెప్పడం మరిచిపోతే? చెప్పాననుకుని చెప్పకపోతే?

అందుకే ఈ పని మానేస్తున్నాను. ఈ నెలాఖరు ఆఖరు. సీసాల ఫ్యాక్టరీలో ప్యాకింగుకి మనుషులు కావాలన్నారు. పెట్టెలో ఇరవైనాలుగు సీసాలు, పైన అట్ట. మరిచిపోయినా ఎవరి ప్రాణం మీదకీ రాదు. నా మాస్క్, నా తెల్ల కోటు స్టోరులో అప్పజెప్పాను. మాస్క్ లోపల ముక్కు దగ్గర నా మొహం ఆకారంలో అరిగిపోయి ఉంది. స్టోరు ఆయన తీసుకుంటూ, "ఇది ఇంకెవరికీ సరిపోదమ్మా" అన్నాడు.

నువ్వు కోలుకున్నాక, నన్ను చూడగలననుకుంటే చెప్పు వదినా. వస్తాను.

చెల్లాయి


ఏప్రిల్ 14

చెల్లాయీ,

ఈ ఉత్తరంతో పాటు ఇంకో కాగితం ఉంది. ముందు అది చూడు. నీ దస్తూరీయే.

అది నాకు అందింది. నువ్వు చెప్పినట్టే మాస్క్ పట్టీల మధ్య, మడిచి. నువ్వేమీ మరిచిపోలేదు. తొమ్మిది జాగ్రత్తలు రాశావు. తొమ్మిదీ చదివాను.

జరిగింది రాస్తాను. తగ్గించకుండా రాస్తాను.

బంపర్ ఊడదీసి, దుప్పట్లో చుట్టి, జబ్బుమనిషిని మోసినట్టు వీధి దాటించాను. ఆరుబయట, గాలి తగిలే చోట చెయ్యమని రాశావు. ఆరుబయటైతే వీధంతా చూస్తుంది. కాబట్టి సామాన్ల గదిలో పెట్టి కిటికీలు మూశాను. పూత మీద దుమ్ము పడకూడదని తలుపు సందులో తడిగుడ్డ కూడా కుక్కాను. ప్రైమర్, రంగు బాగానే వచ్చాయి. ఎర్ర బొత్తాం నొక్కాను, గడియారం చూసి రెండు నిమిషాలు ఊపాను. అదైతే నువ్వు చెప్పినట్టే చేశాను. మాస్క్ కూడా పెట్టుకున్నాను.

అవును. మాస్క్ నేను పెట్టుకున్నాను.

మూసిన గదిలో మెరుపు సరిగ్గా పడుతోందో లేదో తెలియలేదు. మీ వదిన ముందుగదిలో పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. "కాస్త వచ్చి లైటు పట్టుకో" అని పిలిచాను. నాలుగో జాగ్రత్త కింద నువ్వు రెండు గీతలు గీశావు: "మాస్క్ ఒక్కటే పంపుతున్నాను, కాబట్టి గదిలో నువ్వొక్కడివే ఉండాలి." అది చదివి గంట కూడా కాలేదు. తను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఘాటుగా ఉందండీ" అంది. "ఐదు నిమిషాలు ఓర్చుకో, పూత మధ్యలో ఆపకూడదు" అన్నాను. మాస్క్ లోపలి నుంచి అన్నాను. తనకి సరిగ్గా వినపడక "ఆఁ?" అంటూ ఇంకాస్త దగ్గరికి వచ్చింది. రెండు పూతలూ పూర్తయ్యేదాకా లైటు పట్టుకునే ఉంది.

డాక్టరమ్మ మాస్క్ సంగతి అడిగినప్పుడు, "మా చెల్లెలు ఏమీ పంపలేదు, ఏమీ చెప్పలేదు" అన్నాను. వాళ్ళన్నయ్య మొహం చూస్తూ, నేను పెట్టుకున్నాను, మీ చెల్లెలికివ్వలేదు అనలేకపోయాను. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఉన్న మీ వదిన తల తిప్పి నన్ను చూసింది. ఇంటికి వచ్చాక, "చెల్లాయికి నిజం రాశారా?" అని అడిగింది. రాశానన్నాను. అందుకే నీ తప్పు రవ్వంత కూడా లేదని చెప్పమంది. అది ఓదార్పు కాదు చెల్లాయీ, సాక్ష్యం. దాన్ని ఓదార్పులా నీకు అందించింది నేను.

నీ ఉత్తరం నేను క్లాసులో ఉండగా వచ్చింది. పైన తన పేరు కూడా ఉందని మీ వదిన విప్పింది. నేను వచ్చేసరికి కుర్చీలో కూర్చుని ఉంది, ఒళ్ళో కాగితం.

"ఈ పిల్ల పనెందుకు మానేస్తోంది?" అంది.

నేను చెప్పులు విప్పుతూ ఉండిపోయాను.

"ఆసుపత్రిలో మీ మాట నేను కాదనలేదు. మాట్లాడలేక కాదు. మా అన్నయ్య ముందు మీరు తలదించుకోవడం చూడలేక. అది మీ కోసం ఊరుకున్నానండీ. ఆ నింద తీసుకెళ్ళి ఆ పిల్ల నెత్తిన పెట్టమని కాదు."

ఇన్ని మాటలు అనడానికి మధ్యలో మూడుసార్లు ఆగింది. ఆగినప్పుడల్లా నేను నేల చూశాను.

వాళ్ళన్నయ్యకి ఈ ఉదయం ఫోన్ చేసి అంతా చెప్పాను. "ఫోను చెల్లికివ్వండి" అన్నాడు, అంతే.

ఎందుకు చేశావని అడుగుతావు. స్తంభానికి కొట్టిన సంగతి దాచడానికి కిటికీ మూశాను. కిటికీ మూసిన సంగతి దాచడానికి నీ పేరు చెప్పాను. నీ పేరు చెప్పడం తేలికైంది, ఎందుకంటే నువ్వెవరో వాళ్ళ దగ్గర మొదటి నుంచీ దాచే ఉన్నాను. అందరూ షర్టు మీద రంగు మరకలతో ఉన్న ఆడమనిషిని చూసి ఏమనుకుంటారోనని. ఆ మనిషి రాసిన తొమ్మిది వాక్యాలూ నేను విని ఉంటే మీ వదిన ఇవాళ పిల్లలకి పాఠం చెబుతూ ఉండేది.

పని మానకు. క్షమించమని ఇప్పుడు అడగను.

అన్నయ్య


ఏప్రిల్ 20

నీ ఉత్తరం, నా కాగితం అందాయి.

కాగితం బస్టాపులో నిలబడి చదివాను. తొమ్మిదీ ఉన్నాయి. ఏడోదాంట్లో ఒక అక్షరం కొట్టేసి దిద్దాను, అది కూడా ఉంది. రెండు బస్సులు పోయాయి.

నువ్వు మాస్క్ పెట్టుకుని వదినకి లైటు ఇచ్చావు. దానికి నిన్ను వదిన అడుగుతుంది, నేనెవర్ని? నేనడిగేది వేరే. నలభై రోజులు నా బుర్ర నాది కాకుండా చేశావు. నా చేతులు చెబుతున్నది నిజమని తెలిసి కూడా, "మరిచిపోయి ఉంటావు" అని రాశావు. అట్టపెట్టె అడుగున చూడమని బతిమాలితే చెత్తలో పోయిందన్నావు. అప్పుడు ఈ కాగితం ఎక్కడుంది? నీ జేబులోనా?

ఓనరుకి ఇది చూపిస్తే చాలు, నా పని నాకిస్తాడు. చూపించను. నా నోటితో నేనే మరిచిపోయానని చెప్పాను, నువ్వు చెప్పించావు. నీ నోటితో నువ్వొచ్చి కాదని చెప్పు. కాగితాలు పంపకు.

చెల్లాయి


ఏప్రిల్ 29

చెల్లాయీ,

ఆ కాగితం అప్పుడు నా డ్రైవింగ్ స్కూలు కారు డ్యాష్‌బోర్డు అరలో ఉంది. రెండుసార్లు చించబోయాను, చెయ్యి రాలేదు. అది మంచితనం కాదు, పిరికితనమే. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

నిన్న వచ్చాను. నువ్వు నాతో మాట్లాడలేదు, మాట్లాడతావని రాలేదు కూడా. నీకు కనిపించని ముక్కలు ఉంటాయని రాస్తున్నాను.

మీ షెడ్డు నేను మొదటిసారి చూడటం. గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలన్నాడు. "ఇక్కడ రంగులు వేసే అమ్మాయి అన్నయ్యని" అన్నాను. ఆ మాట గొంతులోంచి రావడానికి పదిహేనేళ్ళు పట్టింది. రావడం మాత్రం సులువుగానే వచ్చింది.

మీ ఓనరు గదిలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చాడు. మొత్తం చెప్పాను. విని, "నాకు కాదండీ. ఆ అమ్మాయి తప్పు చేసిందని నేను అందరి ముందూ చెప్పాను. అది కూడా అందరి ముందే పోవాలి" అని లేచాడు. మేస్త్రి చప్పట్లు కొట్టి పని ఆపమన్నాడు. ఒక్కొక్క మెషీనూ ఆగింది. రుద్దే చోట ముగ్గురున్నారు, తల నుంచి కాళ్ళ దాకా బూడిద రంగు దుమ్ము, మూతికి గుడ్డ, కళ్ళకి అద్దాలు. ముగ్గురిలో నువ్వెవరో నాకు తెలియలేదు. మేస్త్రినే అడగాల్సి వచ్చింది, "వాళ్ళలో మా చెల్లెలు ఎవరండీ?" అని.

"మెషీన్ ఆపనిది" అన్నాడు.

అందరివీ ఆగాయి, నీది ఆగలేదు. మేస్త్రి నీ వైపు రాబోతే ఓనరు వద్దన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఆ చప్పుడు మీదుగా అరిచి చెప్పాను. "మాస్క్ పంపింది. కాగితం పంపింది. నేనే దాచాను. నేనే అబద్ధం చెప్పాను." వెనకనున్న ఒకాయన వినపడలేదన్నాడు. మళ్ళీ మొదటి నుంచి అరిచాను. తలదించుకుని గొణగాల్సిన మాటలు అరిచి చెప్పడం ఎలా ఉంటుందో నీకు చెప్పలేను.

ఇంటికి వచ్చాక ఎదురింటికి కూడా వెళ్ళాను. లెక్చరరు గారు బంపర్ దగ్గర వంగి వేలితో తడిమారు. "అంచు కూడా తెలియడం లేదే" అన్నారు. తరవాత మా ఇంటి వైపు, వరండాలో కూర్చున్న మీ వదిన వైపు చూశారు. "దీని కోసమా మాస్టారూ?" అన్నారు. ఊరి నుంచి వచ్చాక కూడా నా దగ్గరే ఉంచిన కారు తాళాలు అడిగి తీసుకున్నారు.

మీ ఓనరు నిన్ను తిరిగి రంగు గదిలోకి పిలుస్తానన్నాడు. వెళ్తావో లేదో నీ ఇష్టం.

అన్నయ్య


మే 11

అన్నయ్యా,

వెళ్ళాను. సీసాల ఫ్యాక్టరీ వాళ్ళకి రానని చెప్పేశాను. సోమవారం నుంచి రంగు గదిలోనే ఉన్నాను. మొదటి రోజు ఒక మోటారుసైకిల్ ట్యాంకు ఇచ్చారు. పూత వేసేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆపలేదు. డబ్బా ఊపేటప్పుడు మాత్రం గడియారం వంక నాలుగుసార్లు చూశాను. ఇదివరకు ఒక్కసారి చూసేదాన్ని. ఆ నమ్మకం మళ్ళీ ఎప్పటికి వస్తుందో తెలీదు.

కొత్తవాళ్ళిద్దరికీ పని నేర్పుతున్నాను. మాస్క్ గురించి చెప్పి, చెప్పినట్టు వాళ్ళ నోటే తిరిగి చెప్పించుకుంటున్నాను. విసుక్కుంటున్నారు.

మెషీన్ ఎందుకు ఆపలేదని నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. ఆపి ఉంటే నువ్వు మెల్లగా చెప్పేవాడివి. మెల్లగా చెప్పడం నాకిష్టం లేకపోయింది. నువ్వు రెండోసారి అరిచినప్పుడు నీ గొంతు చీలింది. అప్పుడు ఆపుదామా అనిపించింది. ఆపలేదు. సంతోషమేసిందని కూడా కాదు. అద్దాల లోపల దుమ్మూ నీళ్ళూ కలిసి ఏమీ కనపడలేదు, అయినా అదే చోట రుద్దుతూ ఉండిపోయాను. నేను రుద్దుతున్న ఆ కారు తలుపు మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సి వచ్చింది.

వదిన ఫోన్ చేసింది. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, మధ్యలో ఆయాసానికి రెండుసార్లు ఆగి. తను ఊరుకున్నందుకు నన్ను క్షమించమని అడిగింది. చూడు, అడగాల్సిన పనే లేని మనిషి అడిగింది. వచ్చే శనివారం నా దగ్గరికి వస్తోంది, పదిహేను రోజులుంటుంది. పని బట్టలు ఇక ఇంటికి తేవడం మానేశాను. షెడ్డులోనే స్నానం చేసి, వేరే చీర కట్టుకుని వస్తున్నాను. గదిలో ఆ వాసన లేశమంత ఉన్నా తనకి పడదు కదా. రెండు రోజులుగా కిటికీలు తెరిచే ఉంచాను. పక్కవాటాలో అడిగాను, ఎవరూ రంగులు వేయించుకోవడం లేదట.

నువ్వు రైలెక్కించి వెళ్ళిపో. తోడు రావద్దు. రావద్దు అని రాస్తుంటే కలం ఆగింది, అయినా రాస్తున్నాను. నీ మీద కోపం తగ్గిందో లేదో నాకింకా తెలియడం లేదు. తగ్గితే నేనే చెబుతాను.

వదిన బ్యాగులో పీల్చే మందు రెండు పెట్టు. ఒకటి అయిపోతే ఇక్కడ వెంటనే దొరక్కపోవచ్చు. పెట్టానని రాయకు. పెట్టు.

చెల్లాయి